నాలుగో కోడు

కరెంటు పొద్దున ఆరింటికి వస్తుంది, ఎనిమిదికి పోతుంది.
ఆ రెండు గంటల్లోనే
అప్పడాల కర్రలు ముప్పై,
ఎవరిదో మేడమెట్ల రెయిలింగుకి కాళ్లు పన్నెండు.
తరిమెన మీద చెక్క తిరుగుతున్నంతసేపూ
నేను మాట్లాడను.
నోరు తెరిస్తే పొట్టు పోతుంది,
అంతకన్నా కారణం ఏమీ లేదు.

అంబాజీపేట కాలవగట్టున మా కొట్టు.
ముందు కొబ్బరిపీచు గుట్టలు, వెనక నీళ్లు.
వానల్లో చెక్క ఉబ్బుతుంది,
ఎండల్లో కాలవ కట్టేశాక బీటలు తీస్తుంది.
పనస పసుప్పచ్చగా రాలుతుంది,
నిద్రగన్నేరు తుమ్మిస్తుంది,
నల్లతుమ్మ ఉలి మీద పగబడుతుంది.
చొక్కా విప్పకుండా ఇంట్లోకి వెళ్తే
మా ఆవిడ వాసన చూసి చెప్పేస్తుంది:
"ఇవాళ వేప."

మొన్న మంగళవారం
బండార్లంక నించి ఒకావిడ ఆటో దిగింది.
గోనెసంచి విప్పి
మూడు మంచంకోళ్లు నా ముందు నిలబెట్టింది.
"నాలుగోది చెదలు తినేసిందండి.
వీటికి జతగా ఒకటి పట్టిపెట్టాలి."
పేరు చౌడమ్మ. నేతపని.
వేళ్ల చివర్లు రంగు పట్టి నీలంగా ఉన్నాయి.
"నాలుగూ కొత్తవి చేసిస్తాను, అదే చవక" అన్నాను.
"చవక కోసం కాదండి" అంది. అంతే అంది.

మా కుర్రాడు నూకరాజు ఊరుకోడు:
"మూడు కాళ్ల మీద ఏ కోడీ నిలబడదండి గురువుగారూ."

ఒకదాన్ని ఒళ్లో పెట్టుకుని తిప్పి చూశాను.
పాత ఇరుగుడు.
పైన కలశం, కింద కుండ, నడుమ మూడు గాజులు, అడుగున గిట్ట.
మా నాన్న వరస.
బొటనవేలితో నిమురుతూ పోతే
మెడ దగ్గర చిన్న గాటు, గోరు పట్టేంత.
రెండోదానికి గాటు మూడో గాజు మీద.
మూడోదానికి గిట్ట పైన.
మా నాన్న చెయ్యి వణికే చెయ్యి కాదు.

అప్పుడు మోటారు లేదు.
తాడు లాగేవాణ్ణి నేనే, తొమ్మిదేళ్లవాణ్ణి.
చెక్కకి రెండు చుట్లు తాడు,
కుడిచేత్తో లాగితే ముందుకి, ఎడమచేత్తో లాగితే వెనక్కి.
ముందుకి తిరిగినప్పుడే ఉలి కోస్తుంది,
వెనక్కి తిరిగేప్పుడు ఊపిరి పీలుస్తుంది.
ముహూర్తాల రోజుల్లో రాత్రంతా లాంతరు.
నా తల వాలేది, తాడు సడలేది,
ఉలి కసుక్కున దిగేది.
కొట్టేవాడు కాదు.
"లేరా, ఇంకో గాజుంది" అనేవాడు.
గాటులో లక్క నింపి, మొగలాకుతో రుద్దేసేవాడు.
కంటికి కనపడేది కాదు.

మొదటిదాంట్లో మెడ దగ్గర కునికాను.
రెండోదాంట్లో మూడో గాజు దగ్గర.
మూడోదాంట్లో గిట్ట మీద, తెల్లారుజామై ఉంటుంది.
మరి నాలుగోదాంట్లో ఎక్కడ?
అది చెదల కడుపులో ఉంది.

మర్నాడు స్విచ్చి వేశాం.
మోటారుకి నిద్ర రాదు.
గంటన్నరలో కోడు తయారైంది, నున్నగా.
మూడింటి పక్కన నిలబెడితే
పెళ్లిచూపులకొచ్చిన కుర్రాడిలా బిగుసుకుని ఉంది.

మళ్లీ ఎక్కించాను.
తప్పు చెయ్యకుండా ఉండటం
నలభయ్యేళ్లు నేర్చుకుంది ఈ చెయ్యి,
ఇప్పుడు చెయ్యమంటే వినదు.
రెండుసార్లు ఉలి ఆనించి తీసేశాను.
నూకరాజు నా మొహంకేసి చూశాడు,
ఉలికేసి చూశాడు.
ఎనిమిదైంది. కరెంటు పోయింది.
చెక్క మెల్లబడి, ఇంకా మెల్లబడి,
ఆఖరి చుట్టులో
రెండు గాజుల మధ్య
ఉలి దానంతటదే కసుక్కుమంది.

లక్క వేడిచేశాను.
మొగలాకు కోసం నూకరాజు గట్టు దిగాడు.

సాయంత్రం చౌడమ్మ వచ్చింది.
నాలుగింటినీ వరసగా పెట్టి
ఒక్కోదాన్నీ పైనించి కిందికి తడిమింది.
కొత్తదాని నడుమ వేళ్లు ఆగాయి.
"పాతదానికి ఇక్కడ కాదండి" అంది.
"ఇంకా కింద. చీకట్లో కాలికి తగిలేది."

"ఎక్కడ?" అన్నాను.
నీలం వేలు పెట్టి చూపించింది.
చెవి మీది పెన్సిలు తీసి
అక్కడ గీత గీసుకున్నాను.
"తొందరేం లేదండి, చాప మీదే పడుకుంటున్నాను" అని
ఖాళీ గోనెసంచి మడిచి చంకలో పెట్టుకుంది.