మామూలు హద్దులు

నెల్లూరు పొగతోటలో మా ల్యాబు మేడ మీద. లిఫ్టు లేదు.
ఆపరేషన్‌కు ముందు పెంచలమ్మ మెట్లెక్కలేక
ఆటోలోనే చెయ్యి చాపింది.
రబ్బరు పట్టీ బిగిస్తుంటే అడిగింది:
"మోకాలు కోసేదానికి మోచేతిలో నెత్తురెందుకబ్బయా?"

ఆ రోజు హిమోగ్లోబిన్ పదకొండున్నర. సీఆర్‌పీ మూడు.
పదేళ్ల పిల్లప్పట్నుంచీ సైదాపురం గనుల కాడ
గొంతుక్కూచుని అభ్రకం పెచ్చులు ఒలిచిన మనిషి.
మోకాళ్లలో గుజ్జంతా అక్కడే రాలిపోయినా
ఆమె నెత్తురుకు ఆ సంగతి పట్టినట్టే లేదు.

మూడో రోజు వార్డుకెళ్లి తీసుకొచ్చాను.
హిమోగ్లోబిన్ ఎనిమిదీ ఎనిమిది.
సీఆర్‌పీ నూట అరవై రెండు.
మిషను పక్కనే బాణాలు గీసింది,
ఒకటి కిందికి, ఒకటి పైకి.
అల్లుడు మాలకొండయ్య ఆ కాగితం పట్టుకొని
మా మెట్లు రెండేసి చొప్పున ఎక్కొచ్చాడు.
"చీము పట్టిందా సార్?"

అది నేను చెప్పకూడదు. డాక్టరుకు ఫోన్ కలిపిచ్చాను.
జొరం లేదు, గాయం పొడిగా ఉంది,
మూడో రోజున ఇట్టా ఎక్కడం మామూలే అన్నాడాయన.
కోసింది మేలు కోరే చెయ్యని
నెత్తురుకు ఎవరు చెప్పారు గనక?
అర్ధరాత్రి ఎవరో తలుపు పగలగొట్టారనుకొని
ఊరంతటినీ లేపి కూచోబెట్టింది.
కాగితం మీది మామూలు హద్దులేమో
ఎవరూ కొయ్యని మనిషికి గీసినవి.

ఆరో వారం. మెట్ల మీద చప్పుడు.
కర్ర, కాలు, కాలు. నిలిచి, మళ్లీ కర్ర.

సీఆర్‌పీ నాలుగుకు దిగింది.
హిమోగ్లోబిన్ పదీ నాలుగు, ఇంకా ఎక్కాలి.
ఈఎస్ఆర్ గొట్టం స్టాండులో నిలబెట్టాను.
గంటసేపు
ఎరుపు కుంగుతా, పైన లేత పసుపు తేరుకుంటా
నలభై రెండు.
"ఇదింకా దిగలేదే?" మాలకొండయ్య.
పెన్న వరద తీసినా
ఒడ్డు బావుల్లో నీళ్లు కొన్నాళ్లు బురదగానే ఉంటాయి గదా,
అందామనుకున్నాను.
ఈలోగా పెంచలమ్మ గొట్టం వైపు వంగి
ఒక కన్ను మూసి, పలక మందం చూసినట్టు చూసి
"తొందరపడితే పెచ్చు విరుగుద్ది" అంది.

బిల్లుకు మాత్రం ఒప్పుకోలేదు.
"నా నెత్తురుకు నేనే డబ్బులియ్యాల్నా?"
వంద తగ్గించాను.

దిగబోతా పై మెట్టు మీద ఆగి
"కొత్త కాలా, పాత కాలా ముందర?" అంది.
ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.
కొత్తదే దించింది.