పైనుంచే రావట్లేదు

ముప్పైయొక్క ఏళ్లు వల్పరైసో కొండల మీద
రాత్రి రెండింటికి ఇనుపకడ్డీ ఒక కొస రోడ్డుకీ
రెండో కొస చెవికీ ఆనించి
నీళ్లు ఎక్కడ కారుతున్నాయో చెప్పినవాణ్ణి.
కుక్కల్ని మొరగనిచ్చి, ఊపిరి బిగబట్టి,
సుయ్యంటే కీలు, బుసబుసంటే పగులు అని
సుద్దముక్కతో గీత గీసేవాణ్ణి.
పొద్దున తవ్వితే అక్కడే ఉండేది.

ఇవాళ గొట్టం నేనే.
కాగితం పరిచిన బల్ల, మోకాళ్ల దాకా దుప్పటి.
మేజోళ్లు విప్పమనలేదు. నెల్దా అల్లినవి.
డాక్టర్ మిరేయా సన్నటి సూది గుచ్చింది,
ఎక్కడో చెప్పక్కర్లేదు,
"ఐదు నిమిషాలు ఆగుదాం" అంది
బస్సు కోసం ఆగుదామన్నట్టు.

చల్లటి జెల్లు. తెర మీద ఎరుపు, నీలం.
ఆ తర్వాత శబ్దం.
నాకు తెలిసిన శబ్దమే!
ఎండాకాలం, కొండ కొసనున్న ఇళ్లకి
నీళ్లెక్కలేక గొట్టం మూలిగే మూలుగు.

"లీకేగా?" అన్నాను,
పనివాడు పనివాణ్ణి అడిగినట్టు.
ఆమె తెర మీంచి చూపు తిప్పలేదు.
ఇంకో ఐదు నిమిషాలు. ఇంకో ఐదు.

"సిరలు బాగానే పట్టి ఉంచుతున్నాయి.
ధమనిలోనే వేగం లేదు. సెకనుకి పదిహేడు సెంటీమీటర్లు.
ముప్పై దాటాలి.
లీకు కాదు, దోన్ ఎలెవుతేరియో,
పైనుంచే రావట్లేదు."

జెల్లు తుడుచుకోమని కాగితాలిస్తూ అంది:
"ఇవి మరీ సన్నటి గొట్టాలు, ముందుగా పూడేవి ఇవే.
గుండెవి కాస్త లావు. వాటి వంతు తర్వాత.
సోమవారమే గుండె డాక్టర్ని కలవండి."

రెండేళ్లుగా ఇంట్లో
సుద్దగీతలన్నీ తప్పుచోట గీశాం.
నెల్దా తన నడుం మీద గీసుకుంది, వయసైందని.
నేను పింఛను మీద, సారా మీద,
ఒక రాత్రి, నోరు జారి, ఆమె మీద.
ఎవరమూ తవ్వలేదు.

తాడు లాగే పెట్టెబండిలో కొండెక్కుతూ లెక్కేశాను,
ఆయాసమొస్తోందని మెట్లు మానేసి ఎన్నాళ్లు?
రెండేళ్లు.

నెల్దా ఉల్లిపాయలు తరుగుతోంది.
అంతా చెప్పాను. పదిహేడు కూడా చెప్పాను.
కత్తి ఆపి చాలాసేపు పలకలేదు.
ఆ తర్వాత అడిగింది:
"ఎలా వినిపించింది?"

నోటితో చేసి చూపించాను. సరిగ్గా రాలేదు.
"ఇంకోసారి" అంది.