మూడు, రెండు, మూడు

హచినోహె రేవులో పదకొండేళ్లు
స్క్విడ్‌ల పొట్టలు చీరిన చేయి ఇది.
బరువు పెడితేనే కత్తి దిగుతుంది,
దానికి తెలిసిన చదువంతా అదే.
చలికాలంలో ఫ్యాక్టరీ మూతపడింది.
ఏప్రిల్‌లో, ముప్పై అయిదో ఏట,
పంతొమ్మిదేళ్ల పిల్లల మధ్య కూర్చున్నాను
పొట్టి చేతుల తెల్లకోటుతో,
గోళ్ల సందుల్లో ఇంకా వదలని సిరాతో.

మొదటి పాఠం పళ్ల గురించి కాదు,
ఉంగరపు వేలి గురించి.
"ఈ వేలు ఆనకుండా
ఎవరి నోట్లోనూ పని మొదలుపెట్టొద్దు," అన్నారు ఒనోదెరా టీచర్.
"పక్క పంటి మీద ఆనించండి.
మనిషి ఉలిక్కిపడితే మీ చెయ్యీ అతనితోనే కదలాలి,
పడవలో నిలబడ్డవాడిలాగా."
పడవ అన్నారు కాబట్టి నాకు అర్థమైంది.

మా ముందు రబ్బరు బుగ్గల తలలు.
మెడ దగ్గరే అయిపోయిన మనుషులు.
ఎంత గుచ్చినా పల్లెత్తు మాట అనరు.
వాళ్ల పళ్లకి నెయిల్ పాలిష్ పూసి
ఇదే గార అనుకోండి, గీకండి అన్నారు.
గీకాను.
పాలిష్‌తో పాటు పన్నూ లేచొచ్చింది.
తరగతంతా నవ్వింది. టీచర్ నవ్వలేదు.
ఆ ప్లాస్టిక్ పన్ను నా అరచేతిలో పెట్టి
"కోడిగుడ్డు మీద మీ పేరు రాసి
పెంకు పగలకుండా గీకి చెరపండి, రోజూ ఒకటి.
పగిలితే ఆ పూటకి ఆమ్లెట్."

నెల రోజులు మా ఇంట్లో ఆమ్లెట్లే.

పదును పెట్టడం మాత్రం నాకెవరూ నేర్పనక్కర్లేదు.
రాతి మీద ఉక్కు ఎప్పుడు పాడుతుందో
ఎప్పుడు ఏడుస్తుందో చెవికే తెలుసు.
సాయంత్రాలు పిల్లలు తమ స్కేలర్లు పట్టుకుని
నా బల్ల దగ్గర వరసలో నిలబడేవాళ్లు,
నన్ను అక్కా అనడం అక్కడే మొదలైంది.

తర్వాత ఒకరి నోట్లో ఒకరం.
హినానో నోరు తెరిస్తే కొత్త ఇల్లులా ఉంది,
ప్రోబ్ దించి పైకి చదివాను:
మూడు, రెండు, మూడు. రెండు, రెండు, మూడు.
నా వంతు వచ్చింది.
నాలుగు, అంది హినానో.
అయిదు.
ఆరు అన్నప్పుడు గొంతు తగ్గించింది,
పక్క కుర్చీకి వినపడకూడదని.
నా చిగుళ్లు ఎంత లోతున వదిలేశాయో
అప్పటిదాకా ఎవరూ కొలవలేదు, నేనూ.
ఉమ్మితే ఎరుపు.
టీచర్ ఆ కాగితం చూసి, "మంచిది," అన్నారు.
"ఈ తరగతికి నిజం రోగి దొరికారు."

మూడేళ్లు. ఆ తర్వాత మార్చి,
గోడ మీద అంకెల జాబితా, అందులో నాదీ ఒక అంకె.
హినానో సెందాయ్ వెళ్లింది, పళ్లు తెల్లబరిచే క్లినిక్‌కి.
ఒకరు ఆరోగ్య కేంద్రానికి,
మూడేళ్ల పిల్లల ఏడుపుల్లోకి అద్దం పెట్టి చూడ్డానికి.
ఒకరు ఆసుపత్రికి, ఆపరేషన్‌కి ముందు నోళ్లు కడగడానికి.
సయాకో మళ్లీ చదువుకే పోయింది, టీచరవుతుందట.
నాకు చిన్న కారూ, సక్షన్ డబ్బా,
మంచంలోంచి లేవలేని వాళ్ల చిరునామాలూ.

కిన్సకు గారికి ఎనభై నాలుగు.
పక్షవాతం తర్వాత పెదవులు బిగించేశారు.
నోటికి నేరుగా వెళ్లకూడదు.
ముందు భుజం, తర్వాత బుగ్గ, ఆ తర్వాతే పెదవి,
నెమ్మదిగా, ఎవరింటి తలుపో తట్టినట్టు.
అంగిట్లో అట్టకట్టినదంతా తడిపి తడిపి తీశాను.
ఆ మురికే రాత్రి ఊపిరితిత్తుల్లోకి జారుతుంది,
దాన్ని జ్వరం అంటారు ఇంట్లోవాళ్లు.

నాలుగో బుధవారం ఆయన నా వేలు కరిచారు.
ఉంగరపు వేలే.
కోడలు నేల దాకా వంగి క్షమాపణ చెప్పింది.
కట్టు కట్టుకుంటూ నేను చార్టులో రాసుకున్నాను:
కింది దవడ, ఎడమ వైపు, ఏడు పళ్లు, గట్టివి.
కొరికే బలం ఉంది.
వచ్చే వారం కొలవాలి.