పొన్నకి ఎనిమిది కుండలు

జూట్ మిల్లు గేటుకి తాళం పడ్డాక
వారానికి ఏడూ ఆదివారాలే.
పరదేశి మామ ఒక్క కేక వెయ్యగానే
పలుగు భుజానేసుకుని బయల్దేరాను,
చంపావతి ఒడ్డున
బుగత గారి గోడల తోటకి.

గోడ రెండు నిలువుల ఎత్తు.
మీద గుచ్చిన సీసా పెంకులు
ఇంకా పదునే.
లోపల సర్కారు తుమ్మ, వయ్యారిభామ,
నోరు పూడిన మోటబావి,
పాము కుబుసాలు,
మూడు తరాల తాగుబోతుల ఖాళీ సీసాలు.

తోటని మళ్లీ తోట చేస్తారట.
డబ్బులెవరూ ఇవ్వరు, మనమే చెయ్యాలి.
మొదటి రోజు పదకొండు మందిమి.
లారీల వెనక నెమళ్లు రాసే కాసులు,
టేపు పట్టుకుని ప్రతి ఇటుకనీ కొలిచే
డిగ్రీ పిల్ల హిమజ,
గొడుగు కింద కూర్చుని సలహాలిచ్చే
రిటైరైన తంతి ఆఫీసు బంట్రోతు.

సిమెంటు తేవద్దన్నాడు పరదేశి మామ.
"పాత గోడకి ఊపిరాడదురా."
సున్నం నానబెట్టాం.
బెల్లం, కరక్కాయ నీళ్లు పోసి
గానుగలో తిప్పి తిప్పి
వెన్నలా వచ్చేసరికి
ఊళ్లో ఈగలన్నీ మావే.

రాత్రి అన్నం పెడుతూ అమ్మ అడిగింది:
"కూలెంతరా?"
"లేదే."
గరిట ఆగింది.
"మాయమ్మకీ లేదు.
ఆ తోటలోనే.
వెట్టి."
తర్వాత మజ్జిగ పోసింది.
ఇంకేం మాట్లాడలేదు.

మరుసటి ఆదివారం నేను వెళ్లలేదు.
ఆ పై వారం కూడా.
అరచేతుల్లో బొబ్బలెండి తోలు లేస్తుంటే
పీక్కుంటూ అరుగు మీద కూర్చున్నాను.

పరదేశి మామే వచ్చాడు, గొంతులో పట్టుదల తగ్గి.
తుప్పలు కొట్టేశారట. చదును చేసేశారట.
ఇప్పుడు ఏ చెట్టు ఎక్కడుండేదో
చెప్పేవాడు లేడట.
కాగితాలు చెదలు తిన్నాయట.
బుగత గారి మనవలకి తెలీదట.

కత్తిపీట దగ్గర మెత్తళ్లు బాగుచేస్తూ
అమ్మ తల ఎత్తకుండా అంది:
"పొన్నకి ఎనిమిది కుండలు.
నిమ్మకి నాలుగు.
సంపెంగికి ఆరు, ఎండల్లో పది.
బావి కాణ్ణించి పొన్న కాడికి
నూట పన్నెండు అడుగులు.
మాయమ్మ లెక్కెట్టీది.
నిద్దట్లో కూడా లెక్కెట్టీది."

"నువ్వు చూశావా అప్పా?"
"నన్నెవుడు రానిచ్చాడు?
గోడవతల కూకునీదాన్ని.
ఇనబడీది."

ఆదివారం అమ్మ వచ్చింది.
గుమ్మం దగ్గర చెప్పులు విడవబోయి
మళ్లీ తొడుక్కుంది.
బావి గట్టు మీద నిలబడి
"ఉత్తినే నడిస్తే లెక్క తప్పిపోద్ది,
కుండ తెండి," అంది.

నిండు కుండ చంకనెత్తుకుని
డెబ్బై మూడేళ్ల మనిషి నడుస్తుంటే
హిమజ పక్కనే నడుస్తూ లెక్కపెట్టింది.
కాసులు బీడీ ఆర్పేశాడు.

నూట పన్నెండు.
తవ్వాం.
రాళ్లు. మళ్లీ రాళ్లు.
మోకాలి లోతు తవ్వినా రాళ్లే.

అమ్మ కాసేపు ఆలోచించింది.
"మాయమ్మ నాకంటే పొట్టి."
వెనక్కి తిరిగి
అంగలు కొలుచుకుంటూ
పది అడుగులు వేసి ఆగింది.

అక్కడ దొరికింది, నల్లగా,
నా మణికట్టంత వేరు.
గోటితో గీరి వాసన చూశాడు పరదేశి మామ.
ఏమీ అనలేదు. తలపాగా విప్పి
మొహం తుడుచుకున్నాడు, చాలాసేపు.

మిగతావి సాయంత్రానికల్లా తేలిపోయాయి.
నిమ్మ, సంపెంగి, రెండు వరసల దబ్బ.
కుండల లెక్కే మాకు పటం.
కాసులు రేకు ముక్కల మీద రాస్తున్నాడు
లారీ అక్షరాల్లో, నీడలు పెట్టి:
పొన్న. ఎనిమిది కుండలు.
"కింద పేరు రాయనా అప్పా?"
"తవిటమ్మ," అంది.
రాసేదాకా పక్కనే నిలబడింది.
చదువు రాదు, అయినా
రంగు ఆరేదాకా కదల్లేదు.

సీసా పెంకుల సంగతి ఇంకా తేల్లేదు.
పాతవి, ఉంచాలంటుంది హిమజ.
పీకెయ్యాలంటాను నేను.
వచ్చే ఆదివారం మళ్లీ గొడవ.

చీకటి పడుతోంటే
చంకలో కుండ ఇంకా అలాగే ఉంది అమ్మకి.
మొక్కలింకా రాలేదు.
ఆ నీళ్లు ఎక్కడ పొయ్యాలో
అటూ ఇటూ చూసి,
కుండ ఎత్తి
గటగటా తాగేసింది.