ఏటి కొలతలు

నేను కాపరానికొచ్చిన తొమ్మిదేళ్ళలో
పెన్నలో నీళ్ళకన్నా ట్రాక్టర్లే ఎక్కువ పారినాయి.
ఇసక, తుమ్మకంప, ఎండ.
మా వీధి చివర గట్టు దిగితే
మస్తానమ్మత్త పెట్టిన దోసపాదులు,
చెలమ తవ్వితే మూడు జానల్లో నీళ్ళు.
దాన్నే ఏరని పిలిచేవాళ్ళం,
ఊళ్ళో లేని మనిషి పేరు మీద రేషను తీసుకున్నట్టు.

కార్తీకంలో పట్టిన ముసురు నాలుగు రోజులు వదల్లేదు.
కుళాయి కాడ ఆడోళ్ళం
చేపల ధర మాట్లాడినట్టు క్యూసెక్కులు మాట్లాడినాం.
"సోమశిల్లో లక్షంట."
"నీ మొకం, లక్షన్నర."
"మా తమ్ముడు సంగం బ్యారేజీ మీదే ఉండాడు, మూడు చెప్తా ఉండాడు."
ఒక క్యూసెక్కంటే ఎంతో మాలో ఎవరికీ తెలీదు.
బిందెడో, బావెడో.

నిజం చెప్పాలంటే నాకు సంతోషంగా ఉండింది.
ఎవరికీ చెప్పలేదు.
జాకెట్టు చేతులు కుడతా కుడతా
మిషను ఆపి చెవి పెట్టి విన్నా.
దూరంగా, ఆనకట్ట వైపు,
లారీలు వరసగా పోతున్నట్టు ఒకటే మోత.
ఒళ్ళు జలదరించింది.
ఏరొచ్చింది.

సాయంత్రానికి నెల్లూరు నెల్లూరంతా పెన్న బ్రిడ్జి మీదే.
బజ్జీలోడు బండి అక్కడికే తోలుకొచ్చినాడు.
మా పెంచల్ గాడు రెయిలింగు సందులోంచి చూసి
"అమ్మా, ఇసకంతా యాడికి పోయింది?" అన్నాడు.
ఎర్రటి నీళ్ళ మీద గడ్డివామి ఒకటి,
దాని మీద కోడి,
బస్సులో సీటు దొరికిన దాన్లా కుదురుగా పోతా ఉండింది.
జనం చప్పట్లు. నేను కూడా.
ఆ కోడి ఎవరిదని అప్పుడు అడగలేదు.
కాళ్ళ కింద బ్రిడ్జి సన్నంగా వణికింది,
జరం తగలబోయే ఒళ్ళులాగా.

ముందు నుంచి వస్తుందని గట్టు వైపే చూస్తా ఉన్నాం.
అది వెనక నుంచి వచ్చింది.
రాత్రి పదకొండున్నరకి, బాత్రూం తూములోంచి
బుడుంగుమని ఒక బుడగ.
ఇంకో బుడగ.
చీపురు పట్టుకోని తోసినా. తోసేకొద్దీ నవ్వినట్టు వచ్చింది.
గుమ్మం దాకా. మంచంకోడు దాకా.
కరెంటు పోయింది.
చీకట్లో అత్త గోడ పట్టుకోని "మిషను, మిషను" అంటా ఉంది,
నేను "పిల్లోడు, పిల్లోడు" అంటా ఉన్నా.
లష్కరు చెంచయ్య టార్చిలైటు ఊపుతా
"కట్టుగుడ్డల్తో కదలండమ్మే" అని అరిచినాడు.
మా ఆయనకి కృష్ణపట్నం పోర్టులో నైటు డ్యూటీ.
నడుంలోతులో వీధి దాటినాం.
కాలికేదో మెత్తగా తగిలి పోయింది.
ఏందది అని ఈరోజు దాకా ఆలోచించలేదు.
ఆలోచించను.

బడి మేడ మీద పులిహోర పొట్లాలు, దోమలు, ఒక బాలింత.
తెల్లార్లూ ఎవరో ఒకరు దిగి
మునగని మెట్లు లెక్కపెట్టి పైకొచ్చేవాళ్ళు.
"ఏడు." "ఆరు."
నాలుగింటికి "ఆరే" అన్నారు.
ఆ చివరి ఏత్వానికి అందరం ఊపిరి వదిలినాం.

మూడోరోజు తలుపు తోస్తే రాలేదు,
లోపల బురద అడ్డం పడి పడుకోనుంది.
బియ్యం డబ్బాలో నీరుకట్టు పాము.
మిషను చక్రం నిండా తుమ్మాకు.
ట్రంకురోడ్డు కొట్టు వాళ్ళమ్మాయి పెళ్ళి జాకెట్టు, మగ్గం పనిది,
కిటికీ ఊచకి చుట్టుకోని
ఒక చెయ్యి బయటికి పెట్టి ఉంది.

గోడ మీద గోధుమరంగు గీత.
మెళ్ళో టేపు తీసినా
(నీళ్ళలో కూడా అది నా మెళ్ళోనే ఉండింది),
నేల నుంచి గీత దాకా పట్టినా.
నలభై ఆరంగుళాలు.
మా పెంచల్ గాడు నలభై నాలుగు.

కొలతల పుస్తకం తడిసి ఉబ్బితే ఎండబెట్టి
వెనక పేజీలో రాసుకున్నా:
పేరు, పెన్నమ్మ.
పొడుగు, నలభై ఆరు.
చుట్టుకొలత ఇయ్యలేదు.
మళ్ళీ ఎప్పుడొస్తుందో, తారీకు కాడ పెన్ను ఆగింది.

ఇప్పుడు ఏరు పాయలుగా చీలింది.
అత్త గింజలు కొంగున కట్టుకోని దిగతా ఉంది,
"ఒండ్రు బాగా పడిందిమేయ్, ఈ ఏడు కాయ చూడు."

మబ్బు పట్టినప్పుడల్లా
మిషను ఆపి ఆనకట్ట వైపు చెవి పెడతా.
భయానికే, అని అత్తతో చెప్తా.