దున్నుకో, అమ్మొద్దు

దేవరకొండ బస్టాండు ఎదురుగ
మూడు గజాల వెడల్పు నా దుకాణం.
ఒక జిరాక్సు మిషను, ఒక పాత కంప్యూటరు.
మొన్న ఉరిమిన రాత్రి అది పండుకుంటే
ఖాజా వచ్చి లినక్సు ఎక్కించిండు.
"పైసలొద్దు భయ్యా, చాయ్ తాపియ్యి సాలు."

తెల్లారి హీర్యా నాయక్ వచ్చిండు,
పోయినేడు నేనే కొట్టిచ్చిన అర్జీ మల్ల కావాల్నని.
ఫైలు తెరిస్తే తెలుగు లేదు.
డాలరు గుర్తులు, టోపీ పెట్టుకున్న ఇంగ్లీషు అక్షరాలు,
తలకిందులు నిలబడ్డ ప్రశ్నగుర్తులు.
తొమ్మిదేండ్ల నా టైపంత
పిట్టలు తిన్న జొన్నకంకి లెక్క.

హీర్యా వంగి చూసిండు.
"మా గోర్‌బోలి గిట్ల రాస్తరా సార్?"
"మీ బోలికి లిపి యాడిది?"
"గందుకే అడిగిన."

అక్షరాలు పోలేదు,
అవి తొడుక్కునే అంగీ పోయింది.
ఖాజాకు ఫోన్ చేసిన.
"ఆ ఫాంటు కంపెనోళ్లు ఇప్పుడు ఉత్తగనే ఇస్తున్నరు, దించుకో.
చుక్కతోని మొదలయ్యే ఫోల్డరొకటి దాక్కోని ఉంటది, అండ్ల ఎయ్యి.
ఎనుక ఫాంట్ల లెక్క మల్ల తియ్యమని ఒక్క లైను కొట్టు."

నల్ల తెర మీద ఒప్పందం వచ్చి కూసున్నది.
మౌసు ఎంత గీకినా కదలదు.
ట్యాబు నొక్కితేనే 'సరే' ఎర్రగ వెలిగింది.
ఎవ్వరు చదవరంటరు.
నేను చదివిన,
ఊరందరి దస్తావేజులు కొట్టిన కండ్లు కద, ఊకోవు.

వాడుకో, పైస అడగం.
అమ్మొద్దు.
ఇప్పి లోపల చూడొద్దు.
అక్షరం వంకరుంటే వంకరనే ఉండనియ్యి.

తెలుగు చేసి హీర్యాకు చెప్పిన.
నవ్వలేదు.
బనీను కింది కవరు తీసి ఇప్పిండు,
పాలిథిన్ల చుట్టిన పాస్‌బుక్కు:
రెండెకరాల పది గుంటలు, అసైన్డ్.

"మా నాయనకు ఉత్తగనే ఇచ్చిన్రు సార్.
దున్నుకో అన్నరు, అమ్మొద్దన్నరు.
బోరుకు లోనడిగితే బ్యాంకోడు నీది కాదంటడు.
శిస్తు కాయితం వస్తే నా పేరు మీదనే వస్తది.
కంది పండినప్పుడు మాత్రం
ఎవ్వలను అడగ, నాదే అనుకుంట."

సరే నొక్కిన.

ఫైలు మూసి మల్ల తెరిచిన.
'గౌరవనీయులైన తహసీల్దారు గారికి'
ఆ మాట ఇంత సక్కగ
నాకు ఎన్నడు కనపడలే.
దీర్ఘాలు, ఒత్తులు, సున్నలు,
ఎవరి జాగల వాళ్లు వచ్చి కూసున్నరు,
మధ్యల ఏమైందో అడగొద్దన్నట్టు.

కింద వాళ్లమ్మ పేరు, ద్వాళీబాయి.
ఈ ఫాంటుల 'ళ' తోక మొదటిసంది తెగే ఉంటది.
తొమ్మిదేండ్లు చూసుకుంటనే ఉన్న.
లోపలికి పోయి అతికియ్యనీకె నాకు హక్కు లేదు.

ప్రింటు తీసిన. మూడు కాపీలు.
సొరుగుల నల్లపెన్ను వెతికి
తోకను ఇంత కిందికి గుంజిన.
కాయితం మీద దిద్దొద్దని
ఆ ఒప్పందంల యాడ లేదు.

మూడింట్ల దిద్దిన.