ఐదు వందల నెమళ్ళు

తలుపు పగలగొట్టలేదు.
గోడకు కన్నం వేయలేదు.
"ఐదు వందల నెమలి అంచులు, ఊరికే" అంటే
నేనే అవునని నొక్కినా.
పిలిచి, పీట వేసి, కాళ్ళకు నీళ్ళిచ్చినా.

మూట విప్పితే ఒక్కటే నెమలి.
తక్కిన నాలుగు వందల తొంభై తొమ్మిదీ
యాడికి పోయినాయో అడగాలని తట్టలేదు.
ఆ ఒక్కటీ అంత బాగుండె మరి,
మెడ వెనక్కి తిప్పి
ఎవురో పిలిచినట్టు చూస్తాంది.

మూడు వారాలు.
ఉరవకొండలో మా ఇంట్లో, గుంట మగ్గానికి ఎదురుగా
పాత కుట్టుమిషను బల్ల మీద కంప్యూటరు
పనేం లేకున్నా రొప్పేది, బండి లాగొచ్చిన ఎద్దు మాదిరి.
నేను చెయ్యి తీసినా బాణం గుర్తు కదిలేది.
పేకముక్కల బొమ్మలు వాటంతటవే పరుచుకునేవి.
దుమ్మనుకున్నా. ఓల్టేజీ అనుకున్నా.
తమ్ముడు ఎర్రిస్వామిని అనుమానించి నాలుగు తిట్టినా.

ఒక రాత్రి బ్యాంకు మెసేజీ:
నేనడగని అంకె ఇంకెవురో అడుగుతాండారు.

మొదట నెట్టు వైరు పీకినా.
గుంతకల్లులో రిపేర్లు చేసే దస్తగిరి ఫోన్లో
"సేఫ్ మోడులో తెరువక్కా, భయపడొద్దు" అనె.
తెర నల్లబడి, అక్షరాలు ఇంతింత లావైనాయి,
అద్దాలు లేని మా నాయన కంటికి గూడా ఆనేటట్టు.
యాంటీవైరస్ వేసి కూర్చున్నా.
జనాభా లెక్కలోళ్ళ మాదిరి
అది గడప గడపా తిరిగె.
పదకొండు గంటలకు పదిహేడు.
కరెంటు పోయి, వచ్చి, మళ్ళీ మొదట్నుంచి.
రెండు గంటలకు నలభై ఒకటి.
అన్నిట్నీ ఒక గదిలో తోసి తాళమేసిందంట.

కసువూడ్చి పారేసిన ధీమాతో
తిరిగి ఆన్ చేస్తే
మళ్ళీ అదే రొప్పు.

చేలో పీకే వయ్యారిభామ గుర్తొచ్చింది.
పేరు వింటే పెండ్లికూతురు,
ముట్టుకుంటే ఒళ్ళంతా దద్దుర్లు.
గోధుమ మూటల్లో దాక్కోని ఓడెక్కి వచ్చిందంటారు.
పైన తెంపితే లాభం ల్యా,
పూత రాకముందే వేరు తియ్యాల.

వేరు యాడుండాది?
"స్టార్టప్ లిస్టు చూడక్కా.
దొంగది దొర పేరు పెట్టుకోని ఉంటాది"
అని దస్తగిరి నిద్రపోయె.
చూస్తే అన్నీ దొర పేర్లే.

నాయన నీళ్ళు తాగను లేసొచ్చి
నా ఎనకాల నిలబడినాడు.
ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు.
నలభై ఏండ్లుగా పడుగులో తప్పు పోగును పట్టే కన్ను.
పై నుంచి కిందికి ఒకసారి జారి
ఒకచోట ఆగింది.
తెర మీద వేలు పెట్టి
"మ్మే, ఈ రెండు పోగులు తారుమారైనాయి సూడు."

పై పేరులో ముందున్న అక్షరం
కింది పేరులో వెనక్కి జరిగుండె. అంతే.
ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు.
చౌడప్ప పట్టినాడు,
చెంబు చేతిలోనే ఉంది ఇంకా.

తీసేసినా. అది దాగిన చోటు,
రిజిస్ట్రీలో దాని పిల్లవేరు గూడా.
తెల్లారి తమ్ముని ఫోన్లోంచి పాస్‌వర్డులన్నీ మార్చినా.
(వానికి సారీ మాత్రం చెప్పలేదు.)

కంప్యూటరు గమ్మునుండాది ఇప్పుడు.
నాకే గమ్మునుండబుద్ధి కాలేదు.
మూడు వారాలు ఎవడో చూసినాడు
నేను గీసి చెరిపిన అంచులు,
కంతుల లెక్క,
అర్ధరాత్రి వెదికిన గర్భసంచి ఆపరేషను ఖర్చు,
అమ్మకు గూడా చెప్పనిది.
వాడు చూసిందాన్ని ఏ గదిలో తోసి తాళమేయాల?

ఇంకొకటుంది. ఆ నెమలి.
వాడు నా ఇంటికి కన్నం వేయలేదు గాని
నేనే వాని నెమలి కోసం
అట్ట అట్టకూ కన్నాలు కొట్టించినా.
అవి జకార్డు ఎక్కి, చీర అంచులో
అప్పటికే మూడు మూరలు నడిచినాయి.

"ఆపేద్దామా నాయనా?"

నాడె ఇటు వచ్చింది, అటు పోయింది.
పన్నె లాగి, రవ్వంతసేపటికి
"అదేం చేసింది పాపం" అనె.

మెడ వెనక్కి తిప్పి
ఎవురో పిలిచినట్టు చూసుకుంటానే
అది నాలుగో మూరలోకి పోతాంది.